ఇల్లు చూడకుండా అమ్మిన కారు

నేను ముప్పై మూడేళ్లు కలకత్తాలో కార్లు అమ్మాను. తయారు చేయలేదు, బాగు చేయలేదు, అమ్మాను. ఈ మాట చెబితే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ జాలిగా చూస్తారు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టిన శ్రీకాకుళం పిల్లాడు రైల్వేలోనో, రేవులోనో చేరాలి గానీ, టై కట్టుకుని షోరూంలో నిలబడి నవ్వడం ఏం ఉద్యోగమని మా నాన్న బతికున్నన్నాళ్లూ సణిగేవాడు. షోరూంలో అందరూ నన్ను రావుదా, అంటే రావన్న, అనేవారు. ఇంటిపేరు పలకడం వాళ్ల వల్ల కాలేదు, నేనూ పట్టుబట్టలేదు.

ఈమధ్య ఈ పనిలో చేరిన ఇద్దరు ముగ్గురు మనవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఎలక్ట్రిక్ కారు గురించి కొనేవాళ్లకి ఏం చెప్పాలి, లెక్క ఎలా వేసి చూపించాలి అని అడుగుతున్నారు. నాకు తెలిసింది చెబుతాను. కాకపోతే లెక్కలన్నీ తెలిసి కూడా నేనొక కారు అమ్మకూడని ఇంటికి అమ్మాను. అది దాచిపెట్టి మిగతావి చెబితే మీరు నన్ను పెద్దమనిషి అనుకుంటారు. ఆ పేరు నాకు వద్దు.

ఘోషాల్‌బాబు టేపు

నాకు పని నేర్పినవాడు ఘోషాల్‌బాబు. మా మొదటి మేనేజరు. పొట్టిగా, ఎప్పుడూ చిరాగ్గా ఉండేవాడు. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. కొనేవాడి ఇల్లు చూసి వచ్చేదాకా బుకింగ్ కాగితం మీద సంతకం పెట్టనిచ్చేవాడు కాదు. ఊళ్లో మరే షోరూంలోనూ ఈ పద్ధతి లేదు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వాను.

చేరిన మొదటి ఏడాదే శ్యాంబజార్ వైపు ఒక లాయరుగారికి పెద్ద కారు అమ్మాను. ఇల్లు చూశానని ఘోషాల్‌బాబుకి అబద్ధం చెప్పాను. నిజానికి ఆ రోజు నేను సినిమాకి వెళ్లాను. కారు వెళ్లింది, గేటు స్తంభాల మధ్య పట్టలేదు. అద్దాలు మడిచినా పట్టలేదు. ఆ కారు వీధిలోనే ఉండిపోయింది. వానాకాలం వచ్చేసరికి వీధిలో నీళ్లు సీట్ల దాకా ఎక్కాయి.

ఘోషాల్‌బాబు నన్ను తిట్టలేదు. "వెళ్లి వాళ్లింట్లో గంట కూర్చుని రా" అన్నాడు. వెళ్లాను. లాయరుగారు ఇంట్లో లేరు. ఆయన భార్య నాకు టీ, రెండు సందేశ్ మిఠాయిలు పెట్టి, "నీదేం తప్పు బాబూ, మా గేటే ఇరుకు" అంది. తిట్టినా బాగుండేది. తిరిగొచ్చాక ఘోషాల్‌బాబు తన స్టీలు టేపు నా చేతిలో పెట్టి, "కొనేవాడి మొహం చూడకు రావూ, బండి పడుకునే చోటు చూడు. మనిషి అబద్ధం ఆడతాడు, గోడ ఆడదు" అన్నాడు.

అప్పటినుంచి ఆ టేపు నా జేబులోనే ఉండేది. గేటు వెడల్పు, సందు మలుపు కొలిచేవాణ్ణి. గోడ మీద పాత వాననీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసేవాణ్ణి. "మా వీధిలో నీళ్లు నిలవవండీ" అనే ప్రతివాడి గోడ మీదా ఆ మరక ఉండేది. ఎన్నో అమ్మకాలు పోగొట్టుకున్నాను. ఆ పోయినవాళ్లే తర్వాత వాళ్ల తమ్ముళ్లనీ, అల్లుళ్లనీ తీసుకొచ్చారు.

కరెంటు బండ్లు వచ్చాక

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక టేపు పని ఇంకా పెరిగింది. పెట్రోలు కారుకి నిలబడే చోటుంటే చాలు. ఈ కారుకి తిండి కూడా నిలబడిన చోటే పెట్టాలి.

మొదట్లో నాకూ తెలియలేదు. న్యూటౌన్‌లో మన తెలుగు బ్యాంకు ఆఫీసరుగారొకరు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఉత్సాహంగా బుక్ చేశారు. నేను ఇల్లు చూశాను. పార్కింగ్ చోటుంది, వెడల్పుగా ఉంది, నీళ్లు రావు. బాగుందనుకున్నాను. కానీ ఆ పార్కింగ్ దగ్గరికి వాళ్ల ఫ్లాటు మీటరు నుంచి తీగ లాగాలంటే అపార్ట్‌మెంటు కమిటీ ఒప్పుకోవాలి. నేను అది అడగలేదు. కమిటీ సెక్రటరీ, "అగ్గి పుడితే ఎవరిది పూచీ?" అని పట్టుకుని కూర్చున్నాడు. ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ ఆఫీసరుగారు వారానికోసారి నాకు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "రావుగారూ, మీరు ముందే చెప్పాల్సింది కదండీ" అనేవారు. ఆయనకి నేను ఇప్పటికీ ఎదురుపడలేను.

కొనేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇది. ఇంట్లో మీ సొంత మీటరు నుంచి రాత్రిపూట ఛార్జింగ్ పెట్టుకోగలిగితే, రోజూ పోయే దారి తెలిసిందే అయితే, ఏడాదికి బాగానే తిరిగితే, ఈ కారు మీకు కలిసొస్తుంది. ఆయిల్ మార్చక్కర్లేదు, గొడవ లేదు, పొగ లేదు. ముందు పెట్టే డబ్బు ఎక్కువ, అది మెల్లగా తిరిగొస్తుంది. బయట ఛార్జింగ్ మీదే బతకాలంటే మాత్రం ఆ లాభంలో చాలా భాగం అక్కడే పోతుంది. బండి బరువు వల్ల టైర్లు తొందరగా అరుగుతాయి. ఇన్సూరెన్సు కొంచెం ఎక్కువ. మళ్లీ అమ్మబోతే కొనేవాడు బ్యాటరీ పేరు చెప్పి ధర తగ్గించేస్తాడు. ఊరికి వెళ్లడానికి ఎలాగంటారా, ఎలాగూ హౌరాలో రైలెక్కుతారు కదా, ఆ బెంగ పెట్టుకోకండి. సిటీలో తిరిగేవాడికి నేను దీన్ని సంతోషంగా అమ్ముతాను. ఈ బండి మీద నాకు కోపం లేదు. ఇకమీద చెప్పబోయేది విని, కోపం ఉందనుకుంటారేమో, అందుకే ముందే చెబుతున్నాను.

అప్పన్న

అప్పన్న, నేను సంత్రాగాఛిలో పక్కపక్క క్వార్టర్లలో పెరిగాం. పెద్దయ్యాక అతను రేవులో క్రేన్ ఆపరేటరు అయ్యాడు. పెళ్లి చేసుకుని ఏక్‌బాల్‌పూర్ దగ్గర రేవు ఉద్యోగులకిచ్చే డాకు క్వార్టర్స్‌కి వెళ్లాడు. అతని భార్య నీలమ్మది టెక్కలి దగ్గర పల్లె. వచ్చిన కొత్తలోనే నన్ను అన్నియ్యా అంది, దాంతో అప్పన్న నన్ను బావా అనడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు ఆ వరస అలాగే ఉండిపోయింది.

ఆ క్వార్టరు నాకు బాగా తెలుసు. కింది ఇల్లు, ఇనప గేటు, ముందు సిమెంటు జాగా. ఆదివారాలు అక్కడ మడత మంచం వేసుకుని పేకాడేవాళ్లం. ఆ జాగాలో రెండు కార్లు పడతాయి. తర్వాత కొన్నేళ్లుగా నేను అటు వెళ్లలేదు.

నేను రిటైరు కావడానికి ఏడాది ముందు, దుర్గాపూజ పండగకి నెల ఉందనగా, అప్పన్న నీలమ్మని తీసుకుని షోరూంకి వచ్చాడు. అతను రిటైరై అప్పటికి రెండేళ్లు. నీలమ్మని చూసి గబగబా కుర్చీ లాగి వేశాను. మనిషి సగమైపోయింది. కిడ్నీలు పోయాయట. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆసుపత్రి ఊరికి ఆ చివర, బైపాస్ దగ్గర.

"టాక్సీలో పెట్రోలు కంపుకి వాంతులైపోతన్నాయి బావా" అన్నాడు అప్పన్న. "మిషను మీంచి దిగీసరికి నీరసం. ఇదైతే కంపు నేదు, కుదుపు నేదు. సీటు వాల్చీసి పడుకుని వచ్చీగలదు. మిగతా రోజులు నాను కిరాయికి తిప్పుకుంతాను. మందులకైనా వస్తాది కదేటి."

లెక్కంతా నోటికి వచ్చేసింది అతనికి. కిలోమీటరుకి పెట్రోలుకెంత, కరెంటుకెంత, రోజుకి ఎంత తిప్పితే బ్యాంకు కంతు తీరుతుంది. నేను తప్పు వెతికాను, దొరకలేదు. ఆ లెక్క ఇంటి కరెంటు మీద వేసిన లెక్క.

"బండి ఎక్కడ పెడతావు?" అని అడిగాను. అడగకుండా ఉండలేదు.

"ఇంటి ముందు ఎట్టుకుంతాను బావా, ఇంకెక్కడ?" అన్నాడు. అంటూ షోరూం అద్దాల వైపు చూశాడు.

అప్పుడు నా కళ్ల ముందు ఆ సిమెంటు జాగా కదిలింది. టేపు జేబులోనే ఉంది. చేయి దాని మీదికి పోలేదు.

నీలమ్మ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, "అన్నియ్యా, ఓపాలి ఇంటికొచ్చెల్లు" అంది. "సాన్నాళ్లయినాది నువ్వొచ్చి. సేపల పులుసు ఎడతాను. కారు మాట తరవాత సూసుకుందారి."

"ఆ కారులోనే వస్తాను చెల్లమ్మా, మీ ఆయన్నే తోలమను" అని నవ్వాను. షోరూంలో నవ్వే నవ్వు అది, ముప్పై ఏళ్లు అలవాటైంది. ఆ సాయంత్రమే కాగితాలు రాసేశాం.

అప్పటికి మాకు కొత్త మేనేజరు వచ్చి, ఇళ్లకి వెళ్లడం టైము దండగ అనేవాడు. తప్పు అతని మీద తోసేయడం తేలిక. కానీ నేను అతని మాట ఎప్పుడూ విన్నది లేదు. ఆ నెలలోనే ముగ్గురి ఇళ్లు చూసొచ్చాను, ముగ్గురూ నాకు పరాయివాళ్లు. మనవాడి ఇల్లని ఇది చూడలేదు.

బైపాస్ పక్కన

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక డాక్టరుగారికి బయట ఛార్జింగ్ ఎలా పెట్టాలో చూపించడానికి బైపాస్ పక్కనున్న స్టేషనుకి తీసుకెళ్లాను. మధ్యాహ్నం రెండున్నర అయి ఉంటుంది. తారు మెత్తబడే ఎండ. ఛార్జింగ్ తీగ తగిలించి ఉన్న బండ్ల వరసలో రెండోది నేను అమ్మిందే. తెల్లది, వెనక అద్దం మీద సింహాద్రి అప్పన్న బొమ్మ. ముందు సీటు వాల్చుకుని నీలమ్మ పడుకుని ఉంది. ముఖం మీద చీర కొంగు, చేతికి కట్టు. అద్దాలు దించి ఉన్నాయి. అప్పన్న బయట నిలబడి అట్టముక్కతో ఆమెకి విసురుతున్నాడు.

డాక్టరుగారిని అక్కడే ఆగమని నేను కారు దగ్గరికి వెళ్లాను.

"ఇక్కడేంటి అప్పన్నా? ఇంటికి పోయి పెట్టుకోవచ్చు కదా?" అన్నాను.

అప్పన్న విసరడం ఆపాడు. కొంగు తీసి నీలమ్మే జవాబు చెప్పింది. "ఏ ఇంటికాడ అన్నియ్యా? కోటర్సు అప్పజెప్పీసి రెండేళ్లు దాటిపోనాది. మూడో మేడ మీద ఒక గది మాది. కింద సైకిలెట్టడానికి సోటు నేదు."

నేను ఏదో ఒకటి అనాలని, "ఏసీ వేసుకోవచ్చు కదమ్మా" అన్నాను.

"ఏసీ ఏస్తే ఛార్జీ నెమ్మదిగా ఎక్కుతాదంట. ఆపీమన్నాను" అంది. "ఇంకెంత, గంటన్నరే."

తర్వాత అప్పన్న నన్ను పక్కకి తీసుకెళ్లి, తలొంచుకుని అంతా చెప్పాడు. డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ ఆసుపత్రిలో తోడు మనిషి ఉండాలి. వాళ్లకి ఇంకెవరూ లేరు, అందుకని ఆ టైములో బండి ఛార్జింగ్‌కి తీసుకురాలేడు. ముందురోజు కిరాయికి తిప్పితే బండి ఖాళీ అయిపోతుంది. ఇంటి దగ్గరలో ఉన్న ఒక్క ఛార్జింగ్ పాయింటు వారంలో సగం రోజులు పాడై ఉంటుంది. నీలమ్మని ముందు ఇంట్లో దింపి మళ్లీ వద్దామంటే అంత దూరానికి ఛార్జీ ఉండదు. అందుకని నాలుగు గంటలు మిషను మీద పడుకున్న మనిషి, ఇంటికి వెళ్లి పడుకోవాల్సిన మనిషి, రెండేసి గంటలు ఈ ఎండలో సీటులో పడి ఉంటోంది. వారానికి రెండుసార్లు చొప్పున ఎనిమిది నెలల నుంచి.

"సెప్పాలి కదరా నాకు!" అన్నాను. నా నోట్లో కూడా మా సంత్రాగాఛి మాటే వచ్చింది.

"ఏటని సెప్పేది బావా? అంత మంచి కారు ఇప్పించినావు" అన్నాడు.

ఆ మాటకి నాకు ఏడుపు వచ్చింది. డాక్టరుగారు అక్కడ గడియారం చూసుకుంటున్నాడు. నేను వెళ్లి ఆయనకి ఛార్జింగ్ ఎలా పెట్టాలో చూపించాను. ఆయన కారు కొన్నాడు కూడా.

చేతకాని సాయం

అప్పుడు నేను నేరుగా వాళ్లింటికి వెళ్లాలి. వెళ్లలేదు. ముఖం చెల్లలేదు. ఫోన్లోనే అన్నీ చక్కబెట్టేద్దామని చూశాను. ఇంటి యజమానితో మాట్లాడాను. మీటరు అతని పేరున ఉంది, మేడ మీంచి తీగ వేలాడదీస్తే పోలీసులకి చెబుతానన్నాడు. టోటోలు, అంటే ఇక్కడి బ్యాటరీ రిక్షాలు, ఛార్జింగ్ పెట్టే షెడ్డు ఒకటి వాళ్ల వీధి చివర ఉంది. దాని యజమాని రెండు రాత్రులు పెట్టనిచ్చి, ప్లగ్గు కాలిపోతోందని పంపేశాడు. ఆ పేట కుర్రాళ్ల సంఘం, పాడా క్లబ్బువాళ్లు, తమ ముందున్న ఖాళీ స్థలంలో పెట్టుకోమన్నారు, మంచివాళ్లే. కానీ అక్కడ కరెంటు లేదు. పూజ వస్తే పందిరి అక్కడే వేస్తారు. ఒక్కొక్కటీ విఫలమైనప్పుడల్లా అప్పన్న నాకు ఫోన్ చేసి, నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పేవాడు.

చివరికి వానలు తగ్గాక కారు అమ్మేశాం. ఎంత తక్కువకి పోయిందో రాయను. మా షోరూమే కొంది, బేరం ఆడింది నేనే, నేను అడిగినదానికి మా మేనేజరు నవ్వాడు. తాళాలు ఇచ్చేటప్పుడు అప్పన్న వెనక అద్దం మీది బొమ్మని గోటితో గీకి తీసుకున్నాడు. నీలమ్మ మళ్లీ టాక్సీల్లో వాంతులు చేసుకుంటూ ఆసుపత్రికి వెళ్లింది. ఆ నెలాఖరుకి నేను రిటైరయ్యాను. దండ వేశారు, శాలువా కప్పారు, మేనేజరు నా గురించి మంచి మాటలు చెప్పాడు.

చలికాలంలో నీలమ్మ పోయింది. కారు వల్ల కాదు. ఆ జబ్బుతో ఎప్పుడో ఒకప్పుడు జరిగేదేనని డాక్టర్లు ముందే చెప్పారట. అది నాకు తెలుసు. కానీ కారు కొన్ననాటికి ఆమెకి మిగిలింది ఏడాది పైచిలుకేనని ఇప్పుడు తెలిసింది కదా, ఆ ఏడాదిలో ఎన్ని మధ్యాహ్నాలు ఆ స్టేషనులో గడిచాయో లెక్క వేయకుండా ఉండలేకపోతున్నాను. కిలోమీటరుకి ఎంత అనే లెక్కలో అది ఎక్కడా లేదు.

మూడో అంతస్తు

పెద్దకర్మ రోజున మొదటిసారి ఆ ఇంటికి వెళ్లాను. ఏక్‌బాల్‌పూర్ మెయిన్ రోడ్డు మీంచి సందు, సందులోంచి ఇంకో సందు. మెట్లు ఎక్కడానికే నాకు రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. వారానికి రెండుసార్లు ఆమె ఇవి ఎక్కింది. గదిలో డాకు క్వార్టర్స్ నాటి మడత మంచం గోడకి ఆనించి ఉంది. వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లిపోయాక నేనూ అప్పన్నా మిగిలాం.

"నన్ను క్షమించరా" అన్నాను. "నేను ఇల్లు చూడాల్సింది."

అప్పన్న తల అడ్డంగా ఊపాడు. "నాను అబద్ధం సెప్పినాను బావా. ఇంటి ముందు ఎట్టుకుంతానన్నాను కదా. నా బుర్రలో ఇల్లంటే ఆ కోటర్సే. ముప్పై యేళ్లున్నాం కదేటి. మేడ మీద అద్దె గదిలో ఉన్నామని నీకు సెప్పడానికి సిగ్గేసినాది."

నాకు అర్థమైంది. మా నాన్న కూడా రిటైరయ్యాక సంత్రాగాఛి క్వార్టరు ఖాళీ చేసి, ఆరు నెలలపాటు రోజూ సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి, ఆ గేటు ముందు నిలబడి వచ్చేవాడు. అందులో వేరేవాళ్లు ఉంటున్నా ఎవరైనా అడిగితే మా ఇల్లు అదేననేవాడు. కొలువు దిగితే ఇల్లు దిగాలని క్వార్టర్స్‌లో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? అప్పన్న రిటైరై రెండేళ్లయిందని విని కూడా నాకు తట్టలేదు.

"దానికి మాత్రం సిగ్గు నేదు" అన్నాడు అప్పన్న, గోడ మీద దండ వేసిన ఫోటో వైపు చూస్తూ. "ఆ రోజు నిన్ను పులుసుకి పిలిసినాది, గేపకం ఉందా? ఇంటికొచ్చినాక నాతో అన్నాది. అన్నియ్య ఓపాలి మన గది సూసినాడంటే తనే వద్దంతాడు, నీ పరువూ పోదు, డబ్బూ పోదు, అందుకే పిలిసినాను, కానీ రానన్నాడు, అని."

నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. టేపు జేబులోనే ఉంది, రిటైరైనా అలవాటు పోలేదు. తీయలేదు. కింద సందులో రెండు సైకిళ్లు, ఒక నీళ్ల కుళాయి, ఎవరివో ఆరేసిన బట్టలు. ఎదురింటి గోడ మీద నడుమెత్తున వాననీటి మరక. ఆ ఇంటికి కారు అమ్మకూడదని తెలుసుకోవడానికి నాకు అర నిమిషం పట్టింది.